అచ్చయిన పుస్తకం పాఠకుడి చేతికి చేరేదెట్లా? నల్లగొండ, పాలమూరు రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఏటా కవితా సంపుటాలు, కథలు, ఊరి చరిత్రలు, శతకాలు, పిల్లల పుస్తకాలు సొంత ఖర్చుతో అచ్చవుతూనే ఉన్నాయి. ఆవిష్కరణ నాడు పంచినవి పోగా మిగిలిన కట్టలు చాలా ఇళ్లలో అటకెక్కుతున్నాయి. అచ్చుకు ముందూ ఆ తర్వాతా రచయితలు మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. వెనక పెద్ద ప్రచురణ సంస్థ లేకుండా వెయ్యి లోపు కాపీలు వేసుకునే రచయిత కోసం రాసిన జవాబులివి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## అచ్చుకు పోకముందు

ఎన్ని కాపీలు వేయించాలె? ప్రెస్సాయన వెయ్యి వేస్తే చౌక పడతది అంటున్నడు.

ఆయన చెప్పింది నిజమే. ఆఫ్‌సెట్ అచ్చుకు ముందు ప్లేట్లు చేయాలి, ఆ ఖర్చు మూడు వందలకైనా వెయ్యికైనా ఒకటే, కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ ధర తగ్గుతుంది. అయితే చూడాల్సింది అచ్చయిన కాపీ ఎంతకు పడిందని కాదు, అమ్ముడుపోయిన కాపీ ఎంతకు పడిందని. 144 పేజీల పుస్తకం వెయ్యి వేస్తే కాపీకి 45 రూపాయలు, మూడు వందలు వేస్తే 70 రూపాయలు అనుకుందాం. మొదటి దానికి 45,000, రెండో దానికి 21,000 కట్టాలి. రెండింట్లోనూ అమ్ముడయ్యేది 250 అయితే, అమ్మిన ఒక్కో కాపీ వెయ్యి లెక్కలో 180 రూపాయలకు, మూడు వందల లెక్కలో 84 రూపాయలకు పడుతుంది.

అందుకే ప్రెస్సుకు పోయే ముందు ఒక నోటుబుక్కు తీసి పేర్లు రాయండి. డబ్బిచ్చి కొంటారని మీకు నమ్మకం ఉన్నవాళ్లవే రాయాలి: తోటి ఉద్యోగులు, పదో తరగతి బ్యాచ్, ఊరివాళ్లు, సాహిత్య మిత్రులు, చుట్టాలు. వచ్చిన సంఖ్యలో సగం తీసేయండి, మిగిలిందే అసలు లెక్క. అది 150 ఉంటే మూడు వందలు వేయించండి. తొలి కవితా సంపుటికి 300 చాలు. ఊరి చరిత్ర అయితే ఆ ఊరివాళ్లు, బతుకుదెరువుకు బయటికి పోయినవాళ్లు కూడా కొంటారు కాబట్టి 500 వేయొచ్చు. రెండు వందల లోపైతే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగే మేలు. ఏది వేయించినా చివరి పీడీఎఫ్‌ను, ఓపెన్ ఫైలును (మార్పులు చేసుకోగలిగే ఫైలును) ప్రెస్సు నుంచి అడిగి తీసుకోండి. అవి మీ దగ్గర లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ డీటీపీ (కంప్యూటరు మీద అక్షరాల కూర్పు) దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది.

ధర ఎంత పెట్టాలె?

అచ్చు ఖర్చుకు కనీసం రెండున్నర రెట్లు. పుస్తకాల షాపులు ధరలో 35 నుంచి 50 శాతం దాకా తగ్గింపు అడుగుతాయి. 70 రూపాయలకు పడిన పుస్తకానికి 150 పెట్టి 40 శాతం తగ్గిస్తే మీకొచ్చేది 90. పార్శిల్ ఖర్చు పోతే మిగిలేది పది, పదిహేను రూపాయలు. 180 పెడితేనే కొంత ఊపిరి ఆడుతుంది. "మన పుస్తకం ఎవరు కొంటరులే" అని 100 పెట్టిన రచయిత షాపుకు ఇచ్చిన ప్రతి కాపీ మీదా నష్టపోతాడు. అచ్చు పుస్తకం అమ్మకం మీద జీఎస్‌టీ లేదు, కాబట్టి లెక్కలో ఆ భాగం వదిలేయొచ్చు.

సైజుకు, పేజీలకు, అమ్మకానికి ఏమన్న సంబంధం ఉంటదా?

చాలా ఉంటుంది. పుస్తకాన్ని 16 పేజీల ఫారాల లెక్కన వేస్తారు. 130 పేజీలు వచ్చిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం పడుతుంది. కాబట్టి 128కి కుదించండి, లేకపోతే 144 దాకా సరుకు నింపండి.

తర్వాత బరువు. డెమ్మీ 1/8 సైజు అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువుండే) కాగితం మీద 144 పేజీలు వేస్తే లోపలి కాగితం సుమారు 152 గ్రాములు, 300 జీఎస్‌ఎం అట్ట ఇరవై గ్రాములు, మొత్తం 170 చిల్లర. ప్యాకింగు కలిపినా 200 గ్రాములే. అదే లెక్కన 220 పేజీల దాకా ప్యాకెట్ 300 గ్రాముల లోపే ఉంటుంది, అది దాటితే పోస్టు ఖర్చులో పై మెట్టు ఎక్కుతారు.

మూడోది వీపు. 80 పేజీల పుస్తకం వీపు నాలుగు మిల్లీమీటర్లు కూడా రాదు, దాని మీద పేరు చదివేటట్టు పడదు. షాపు అరలో నిలబెడితే ఆ పుస్తకం ఉన్నట్టే తెలియదు. మధ్యలో పిన్ను కొట్టినదానికైతే వీపే ఉండదు. షాపుల్లో పెట్టాలనుకుంటే 112 పేజీలకు తగ్గకుండా, పర్ఫెక్ట్ బైండింగుతో (పేజీలను వీపు దగ్గర జిగురుతో అంటించే పద్ధతి) వేయించండి.

ఐఎస్‌బీఎన్ తప్పనిసరా? ఇప్పిస్తానికి ఒకాయన మూడు వేలు అడుగుతున్నడు.

ఇవ్వకండి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ నంబరు) ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ, కేంద్ర విద్యాశాఖ కింద, ఆన్‌లైన్‌లో ఇస్తుంది. రచయిత సొంత పేరుతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. గుర్తింపు కార్డు, పుస్తకం టైటిల్ పేజీ వంటివి స్కాన్ చేసి పెట్టుకోవాలి. వెంటనే వస్తుందని అనుకోవద్దు, అచ్చుకు నెలా నెలన్నర ముందే పెట్టండి.

జిల్లాలో చేతుల మీదుగా అమ్ముకోవడానికి ఈ నంబరు లేకపోయినా నడుస్తుంది. ఆన్‌లైన్ అమ్మకాలకు, లైబ్రరీ ఎంపికలకు మాత్రం అడుగుతారు. 13 అంకెల ఈ నంబరు మన దగ్గర 978-81 తోనో 978-93 తోనో మొదలవుతుంది. ఇది కాపీరైటు కాదు, పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య మాత్రమే. ఎవరి పేరుతో తీసుకుంటే రికార్డులో ప్రచురణకర్తగా వాళ్లే ఉంటారు. వేరే సంస్థ తన నంబరు ఇస్తానంటే ఆ సంగతి తెలిసే ఒప్పుకోండి.

ముందుమాటలు ఎంతమందితో రాయించాలె?

ఒకటి, మహా అయితే రెండు. ఒక్కో ముందుమాట కోసం నెల ఆగాలి, నాలుగైతే ఒక ఫారం వాటికే పోతుంది. కొనేవాడు ముందుగా తిప్పేది వెనక అట్ట. అక్కడ సన్మానాల జాబితా, శాలువా కప్పుకున్న ఫొటో వద్దు. పుస్తకంలో ఏముందో 60, 70 మాటల్లో చెప్పండి. కింద ధర, ప్రతులకు ఫోన్ నంబరు స్పష్టంగా వేయండి. ఆ నంబరు పదేళ్లయినా మారనిదై ఉండాలి.

అచ్చు కాకముందే పైసలు అడిగితే బాగుంటదా?

బాగానే ఉంటుంది. చందాలు కట్టించుకొని పుస్తకాలు వేయడం తెలుగులో పాత పద్ధతే. పుస్తకం రావడానికి మూడు వారాల ముందు, గ్రూపుల్లో కాకుండా ఒక్కొక్కరికి పేరుపేరునా వాట్సాప్ పెట్టండి. సందేశం ఇట్లా ఉంటే చాలు:

"నమస్తే సార్. దేవరకొండ తండాల మీద నేను రాసిన కథలు ఈ నెల 25న పుస్తకంగా వస్తున్నయ్. 144 పేజీలు, ధర 180. ఇప్పుడు చెప్పినవాళ్లకు పోస్టు ఖర్చు నాదే, 160కి ఇంటికి పంపుతా. అడ్రసు, పిన్‌కోడు పెట్టండి సార్."

ఇందులో ఏం పుస్తకమో, ఎప్పుడొస్తుందో, ఎంతో, ఆయన చేయాల్సిందేమిటో ఉన్నాయి. "మీ ఆశీస్సులు కావాలి" అని ముగిస్తే ఆశీస్సులే వస్తాయి. డబ్బు తీసుకున్నాక చెప్పిన తేదీ తప్పితే మాట పోతుంది, అందుకే ప్రెస్సు చెప్పిన తేదీకి పదిహేను రోజులు కలిపి చెప్పండి.

## ఆవిష్కరణ

ఆవిష్కరణ సభ పెట్టాల్నా? దండుగ ఖర్చు అంటున్నరు.

సభలో పుస్తకాలు అమ్మితే దండుగ కాదు. హాలు, మైకు, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, టీ, సమోసాలకు ఖర్చుపెట్టి చివర్లో పుస్తకం ఊరికే పంచితే మాత్రం నిజంగానే దండుగ.

తేదీ దగ్గరే సగం పని ఉంటుంది. ఆదివారం పొద్దున పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించండి. నల్లగొండలో సభ అయితే దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు, పాలమూరులో అయితే అచ్చంపేట, మక్తల్ నుంచి వచ్చినవాళ్లు బస్సు చూసుకోవాలి. సాయంత్రం సభలో ఏడు దాటిందంటే కుర్చీలు ఖాళీ అవుతాయి. పెండ్లి ముహూర్తాలు దండిగా ఉన్న రోజులు, బతుకమ్మ దసరా వారం, వానాకాలం నాట్ల రోజులు, మార్చిలో పదో తరగతి పరీక్షలు తప్పించండి. మన సభలకు వచ్చేవాళ్లలో టీచర్లే ఎక్కువ, పరీక్షలప్పుడు వాళ్లు రాలేరు.

వక్తలు నలుగురు మించొద్దు, మనిషికి ఎనిమిది నిమిషాలు. వాళ్లలో ఒక్కరైనా పుస్తకం మొత్తం చదివి వచ్చి అందులో ఒక పేజీ చదివి వినిపించాలి. విన్నవాళ్లు కొనాలనుకునేది ఆ పేజీ విన్నాకే.

అమ్మకం బల్ల లోపల స్టేజీ పక్కన వద్దు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు తప్పనిసరిగా దాటే గుమ్మం దగ్గర వేయండి. కూర్చునే మనిషి ఇంటివాళ్లు కాకూడదు. మేనమామను డబ్బడగడం మీ తమ్మునితో కాదు, మొహమాటానికి "తీస్కపో మామా" అంటాడు. యూపీఐ క్యూఆర్ అట్టలు రెండు, పది, ఇరవై రూపాయల చిల్లర, పేర్లు రాసుకునే పుస్తకం బల్ల మీద ఉండాలి. ముఖ్య అతిథి మాట్లాడటానికి ముందే వ్యాఖ్యాత ధర చెప్పాలి. ఆయన ప్రసంగం అయిపోతే సగం మంది లేస్తారు, అప్పుడు చెప్పినా వినేవాళ్లుండరు. స్టేజీ వెనక పది బై ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ ఒక్కటి చాలు. దాని మీద మనుషుల ముఖాల కంటే పుస్తకం అట్ట పెద్దగా ఉండాలి, రేపు పేపరు ఫొటోలో కనబడేది అదే.

ఎమ్మెల్యేను పిలిస్తే పేపర్ల వస్తది కదా?

వస్తుంది, కానీ ఆయన వార్తగా వస్తుంది. ఆయన రెండు గంటలు ఆలస్యమైతే సభంతా ఆగుతుంది, ఆయన లేచిపోతే వెంట వచ్చినవాళ్లూ లేస్తారు. పుస్తకం దేని గురించో దానితో బతుకు ముడిపడ్డ మనిషిని పిలవండి. ఫ్లోరైడు మీద రాస్తే మర్రిగూడ వైపు ఆ బాధ పడ్డ మనిషి, మగ్గం మీద రాస్తే పోచంపల్లి, గద్వాల నేతకారుడు, చెంచుల మీద రాస్తే అమ్రాబాద్ పెంటల (చెంచు గూడేల) నుంచి ఒక పెద్దమనిషి. వాళ్ల చేతుల మీదుగా పుస్తకం వెలుగు చూస్తే విలేకరికీ రాయడానికి కథ దొరుకుతుంది.

దోస్తులు, చుట్టాలు ఊరికే ఇయ్యమంటరు. ఇయ్యకుంటే ఏమనుకుంటరో?

ఉచిత ప్రతులు ఎన్నో ముందే ఒక అంకె పెట్టుకోండి. మూడు వందలు వేస్తే 40. అందులో నాలుగు చట్టం ప్రకారం పంపాల్సినవి: 1954 నాటి చట్టం కింద, ప్రచురించిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్క ప్రతి పోవాలి. చాలామంది పంపరు. పంపితే మీ పుస్తకం యాభై ఏళ్ల తర్వాత కూడా ఎవరికో ఒకరికి దొరుకుతుంది. మిగిలిన ముప్పైఆరులో సమీక్షలకు పన్నెండు, ముందుమాట రాసినవారికి, బొమ్మ వేసినవారికి, ప్రూఫులు దిద్దినవారికి, మీకు కథ ఇచ్చిన మనుషులకు కొన్ని. అవి అయిపోతే, "ఉచితానికి పెట్టిన ప్రతులు అయిపోయినయ్ అన్నా, ఇది నూటా అరవై" అని పుస్తకం చేతిలో పెట్టి నవ్వుతూ చెప్పండి. డబ్బిచ్చి కొన్నవాడు కనీసం నాలుగు పేజీలు చదువుతాడు.

## పత్రికలు

సమీక్షకు పంపిస్తే వెయ్యరు, ఎందుకు?

వారానికి వాళ్లకొచ్చే పుస్తకాలు ఎక్కువ, ఉండే జాగా తక్కువ. ఆంధ్రజ్యోతి 'వివిధ', నమస్తే తెలంగాణ 'బతుకమ్మ' వంటి పేజీలకు రెండేసి ప్రతులు పంపండి. లోపల ఒక కాగితం పెట్టండి: పుస్తకం దేని గురించి, ఇంతకుముందు వచ్చినవాటికంటే ఇందులో కొత్తేమిటి, 150 మాటలకు మించకుండా. అట్ట ఫొటోను మెయిల్‌లో పంపండి. పుస్తకం వచ్చిన మూడు నెలల్లోపే పంపాలి, ఏడాది పాతదాన్ని పక్కన పెడతారు. అదే పేజీలకు రాసే సమీక్షకుల్లో మీ విషయం మీద ఆసక్తి ఉన్నవారికి నేరుగా ఒక ప్రతి పంపితే అవకాశం పెరుగుతుంది. వారం వారం ఫోన్ చేస్తే తగ్గుతుంది.

జిల్లా పేపర్ల వార్త రావాలంటే ఏం జెయ్యాలె?

వార్త మీరే రాసివ్వండి. సభ రోజు సాయంత్రం నాలుగింటిలోపు మండల విలేకరికి వాట్సాప్‌లో 120 మాటల టెక్స్ట్ అందాలి. పీడీఎఫ్ వద్దు, ఫొటో తీసిన కాగితం వద్దు, కాపీ చేసుకోగలిగే యూనికోడ్ అక్షరాలే కావాలి. మొదటి వాక్యంలో పుస్తకం పేరు, దేని గురించి అన్నది. రెండో వాక్యంలో రచయిత, ఊరు, ప్రతులు దొరికే చోటు. వార్తను కింది నుంచి కోస్తారు, చివర పెట్టింది పోతుంది. ఫొటోలో ఐదారుగురి కంటే ఎక్కువ వద్దు, పుస్తకాలు ఛాతీ ఎత్తులో అట్ట కనబడేటట్టు పట్టుకోవాలి. 1922లోనే నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపిన నేల ఇది, ఇక్కడి విలేకరులకు పుస్తకమంటే గౌరవం ఉంది. వాళ్లకు లేనిది టైము.

## అమ్మకం

షాపుల పెడితే పైసలు వస్తయా?

వస్తాయి, లెక్క రాసుకుని వెంటపడితేనే. షాపులు మామూలుగా అమ్మినాక డబ్బిచ్చే పద్ధతిలో తీసుకుంటాయి. మొదట పది కాపీలే ఇవ్వండి. రెండు ప్రతుల్లో చలాను రాసి, తగ్గింపు శాతం, తేదీ వేసి, ఒకదాని మీద సంతకం తీసుకోండి. ఆ చలాను లేకపోతే ఆరు నెలలకు కౌంటరు కుర్రాడు మారతాడు, మీ పుస్తకం ఏ అరలో ఉందో ఎవరికీ తెలియదు. మూడు నెలలకోసారి పోయి లెక్క చూసుకుని, పోనివి వెనక్కి తెచ్చుకోండి. హైదరాబాద్‌లో కాచిగూడ నవోదయ, నవ తెలంగాణ, నవచేతన వంటి చోట్ల సాహిత్యం కోసమే వచ్చేవాళ్లుంటారు. జిల్లా కేంద్రాల్లో షాపులు గైడ్లు, నోటుబుక్కుల మీద నడుస్తాయి, అక్కడ ఐదు కాపీలు కౌంటరు మీద కనబడేటట్టు పెట్టిస్తే చాలు.

టీచర్లకు, బడులకు ఎట్ల అమ్మాలె?

మన జిల్లాల్లో తెలుగు పుస్తకం డబ్బిచ్చి కొనేవాళ్లలో ముందు వరస టీచర్లదే. స్టాఫ్‌రూముకు పోయేముందు హెడ్మాస్టరును అడగండి, ఇంటర్వెల్లో పోండి, పది నిమిషాల్లో బయటపడండి. పిల్లలతో ఇంటి నుంచి డబ్బు తెప్పించే పని ఎన్నడూ పెట్టుకోవద్దు. బడి లైబ్రరీకి కొంటామంటే బిల్లు కావాలి: పుస్తకం పేరు, ఐఎస్‌బీఎన్, ధర, తగ్గింపు, మీ సంతకం. ఒక బిల్లుబుక్కు అచ్చు వేయించుకోండి, అది లేకనే చాలా ఆర్డర్లు ఆగిపోతాయి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం, డిగ్రీ కాలేజీల తెలుగు శాఖల్లో సదస్సు జరిగే రోజు బయట బల్ల వేసుకోవడానికి ముందే అనుమతి అడగండి.

రిటైర్మెంట్లల్ల, పెండ్లిళ్లల్ల పుస్తకాలు పంచుతున్నరు. ఆ ఆర్డర్లు ఎట్ల వస్తయ్?

ఒక్కసారికి వంద కాపీలు పోయే దారి ఇదొక్కటే, రచయితలు దీన్ని పట్టించుకోవడం తక్కువ. టీచరో, ఉద్యోగో రిటైరయ్యేటప్పుడు వచ్చినవాళ్లకు స్టీలు డబ్బా బదులు పుస్తకం ఇవ్వడం పెరిగింది. గృహప్రవేశాల్లో, తల్లిదండ్రుల సంస్మరణ సభల్లో కూడా ఇస్తున్నారు.

ఇట్లాంటి ఆర్డరుకు 40 శాతం తగ్గింపు ఇవ్వండి, షాపుకైనా అంతే ఇస్తారు కదా. దాంతోపాటు మొదటి పేజీలో అతికించడానికి మూడంగుళాల స్టిక్కరు మీరే అచ్చు వేయించి ఇవ్వండి: ఎవరి జ్ఞాపకంగా, ఏ సందర్భంలో, తేదీ. వంద స్టిక్కర్లకయ్యే ఖర్చు కొద్దే, ఇచ్చేవాళ్లకు అది తమ పుస్తకమైపోతుంది. రిటైర్మెంట్లు నెలాఖరులో ఉంటాయి, ఉపాధ్యాయ సంఘాల మండల నాయకులకు ఎవరు ఎప్పుడు దిగిపోతున్నారో రెండు నెలల ముందే తెలుసు. వాళ్లకొక ప్రతి ఇచ్చి చెప్పిపెట్టండి. అన్ని పుస్తకాలూ ఈ సందర్భాలకు కుదరవు. ఊరి చరిత్ర, బాల్యం కథలు, సామెతలు, పిల్లల కథలు పోతాయి. రాజకీయ కవిత్వం పోదు.

జాతర్ల బల్ల వేస్తే పోతయా?

చెరువుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు జాతరల్లో జనం లక్షల్లో ఉంటారు, కానీ వాళ్లు వచ్చింది మొక్కు తీర్చుకోవడానికి. అక్కడ పోయేది ముప్పై, యాభై రూపాయల స్థలపురాణం, పాటల పుస్తకం. కథల సంపుటి పోదు, దుమ్ముకు పాడవుతుంది.

హైదరాబాద్ బుక్ ఫెయిర్‌ల సొంత స్టాలు తీస్కోవాల్నా?

ఒక్క పుస్తకంతో వద్దు. స్టాలు అద్దె, పది రోజుల బస, తిండి కలిస్తే పెట్టుబడి కూడా రాదు. మామూలుగా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే ఈ ప్రదర్శనలో నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక స్టాలు తీసుకోవచ్చు, లేకపోతే తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో ఇరవై కాపీలు పెట్టొచ్చు. మీరు శని, ఆదివారాల సాయంత్రాలు అక్కడ నిలబడండి. "శనివారం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఫలానా నంబరు స్టాల్లో ఉంటా" అని ముందురోజు ఫేస్‌బుక్‌లో పెట్టండి. రచయిత పక్కన ఉంటే ఎన్ని పోతాయో, లేకపోతే ఎన్ని పోతాయో ఒక్క సాయంత్రంలోనే తెలిసిపోతుంది.

లైబ్రరీలు కొంటయా?

కొంటాయి కానీ దాని మీద లెక్క వేసుకోవద్దు. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆదాయం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు, అది స్థానిక సంస్థల నుంచి ఆలస్యంగా చేరుతుంది. పుస్తకాల కొనుగోలు, కమిటీ చేసే ఎంపిక ద్వారా జరుగుతుంది. ఎంపిక ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చేయండి. ఈలోపు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒక ప్రతి ఉచితంగా ఇవ్వండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడే మనిషి కోసం వాళ్లూ చూస్తుంటారు, అక్టోబరులోనే పోయి అడగండి.

పోస్టుల పంపితే ఎంతయితది? మూలలు నలుగుతున్నయ్.

2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. నేల మీదుగా పోతుంది కాబట్టి స్పీడ్ పోస్టు కంటే ఆలస్యం. కవరు మీద జ్ఞాన్ పోస్ట్ అని రాయాలి, లోపల ఉత్తరం పెట్టొద్దు.

మూలలు నలిగేది పుస్తకం కవరులో కదలడం వల్ల. ముందు పుస్తకాన్ని బిగుతుగా ప్లాస్టిక్ కవరులో చుట్టండి, వానాకాలంలో ఇది తప్పదు. పైనా కిందా పుస్తకం కంటే అర అంగుళం పెద్దగా కోసిన అట్టముక్కలు పెట్టి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి టేపు చుట్టండి. అప్పుడు దెబ్బ అట్ట అంచుకు తగులుతుంది, పుస్తకం మూలకు తగలదు. అడ్రసు మీద నీళ్లు పడ్డా చెరగకుండా దాని మీద కూడా టేపు వేయండి.

## ఫోనులో ప్రచారం

ఫేస్‌బుక్‌ల లైకులు వస్తున్నయ్, ఎవ్వరు కొంటలేరు.

శాలువాల ఫొటోకు లైకు కొడతారు, అభినందనలు అంటారు, అంతటితో అయిపోతుంది. అందులో కొనడానికి కారణం లేదు. పుస్తకంలోంచి ఒక పేరా పెట్టండి, కథ ఒక మలుపు దగ్గర ఆగేటట్టు. ఎక్కడ ఆపాలో మీకే బాగా తెలుస్తుంది. కింద ఒకే వరస: ధర, పోస్టు ఉచితమా కాదా, వాట్సాప్ నంబరు. వారానికి మూడు చొప్పున ఆరు వారాలు పెడితే పద్దెనిమిది పేరాలు కావాలి, అచ్చుకు ముందే ఎంచి పెట్టుకోండి. చదివినవాళ్లు ఫోన్ చేసి బాగుందంటే, "నచ్చిన పేజీ ఫొటో తీసి మీ వాల్ మీద రెండు మాటలు రాయండి సార్" అని అక్కడికక్కడే అడగండి. రచయిత పది సార్లు చెప్పినదాని కంటే పాఠకుడు ఒక్కసారి చెప్పింది ఎక్కువ పనిచేస్తుంది.

డీటీపీ 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు అక్షరాల్లో) జరిగి ఉంటే ఆ పేరాలు నేరుగా ఫేస్‌బుక్‌లో పడవు. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, అంకెలు, గీతలు ఒకసారి కంటితో చూసుకున్నాకే పెట్టండి.

వాట్సాప్‌ల అందరికి ఒక్కసారే పంపొచ్చా?

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు. అయితే మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. పంపినా జవాబు రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పుస్తకాన్ని కేటలాగులో పెట్టి, "డబ్బు వచ్చింది", "పోస్టు చేశా" అని లేబుళ్లు తగిలించుకుంటే ఆర్డర్లు కలగాపులగం కావు.

రీల్స్ చెయ్యమంటున్నరు పిల్లలు. మాతోని అయితదా?

అవుతుంది. డ్యాన్సులేమీ అక్కర్లేదు. కథ జరిగిన చోట నిలబడి, ఆ చెరువు కట్ట మీదో రచ్చబండ దగ్గరో, నలభై ఐదు సెకన్లు చదవండి. ఫోను నిలువుగా పట్టుకోవాలి, ఇయర్‌ఫోన్ మైకు మెడ దగ్గర గల్లాకు తగిలించాలి, లేకపోతే గాలి హోరే వినిపిస్తుంది. మీ ఊరి యాసలో రాసింది ఆ యాసలోనే చదవండి. భివండి, షోలాపూర్ మగ్గాల మీదికి, ముంబైకి వలసపోయిన మనవాళ్లు ఆ మాట వింటే ఆగుతారు. అక్కడికి పోస్టు పంపుతామని రీలులోనే చెప్పండి.

పీడీఎఫ్ పెట్టుమంటున్నరు. ఇయ్యాల్నా?

మొత్తం పుస్తకం వద్దు. ఒకసారి వాట్సాప్‌లోకి పోయిన పీడీఎఫ్ వెనక్కి రాదు. ఒక కథనో, పది పేజీలనో విడిగా పీడీఎఫ్ చేసి, చివరి పేజీలో కొనే వివరాలు పెట్టి అదే పంపండి. అది ఎంత తిరిగితే మీకంత మంచిది.

డబ్బులు పెట్టి యాడ్ ఇయ్యాల్నా?

డబ్బు పెట్టకుండా పెట్టిన పోస్టుకు ఇరవై ఆర్డర్లు వచ్చాకే, అదే పోస్టుకు ఐదు వందలు పెట్టి చూడండి. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలుస్తుంది. ఊరికే పోని పోస్టు డబ్బు పెట్టినా పోదు.

## ఏడాది తర్వాత

అవార్డులకు పంపాలంటే ఏం చూస్కోవాలె?

ఇంప్రింట్ పేజీలో (ప్రచురణ వివరాలుండే పేజీలో) ముద్రణ నెల, సంవత్సరం స్పష్టంగా ఉన్నాయా అన్నది మొదట చూడండి. అది లేక వెనక్కొచ్చిన పుస్తకాలున్నాయి. సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి ఆ ఏడాది జనవరి 1 నాటికి వయసు 35 దాటకూడదు, నగదు 50,000 రూపాయలు. సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం ప్రక్రియలవారీగా సాహితీ పురస్కారాలు ఇస్తుంది. "ఎంపికయ్యారు, హాలు ఖర్చుకు ఐదు వేలు పంపండి" అనే ఫోనుకు మాత్రం జవాబివ్వకండి.

ఆరు నెలలైంది, ఇంక 120 కాపీలు ఉన్నయ్. ఏం జెయ్యాలె?

ముందు వాటిని నేల మీంచి లేపండి. నేల చెమ్మకు అడుగు కట్ట పసుపెక్కుతుంది, గోడకు ఆనించిన కట్టకు చెద పడుతుంది. పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

తర్వాత క్యాలెండరు తీయండి. మే 28 సురవరం ప్రతాపరెడ్డి జయంతి, జూన్ 2 రాష్ట్రావతరణ, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు. ఈ రోజుల్లో జిల్లా కేంద్రాల్లో సభలు జరుగుతాయి, ఒక్కో చోట పది కాపీలు పోతే ఏడాదిలో యాభై. మిగిలినవాటికి ఇంకో ఇద్దరు రచయితల పుస్తకాలు కలిపి మూడింటిని ఒక కట్టగా 400కి పెట్టొచ్చు, ఒకరి పాఠకులు ఇంకొకరికి అందుతారు.

నలభై కాపీలకు దిగాక కూడా నెలకు ఐదారుగురు అడుగుతుంటేనే రెండో ముద్రణ మాట ఎత్తండి, అదీ వంద, నూటయాభై డిజిటల్‌లో. అచ్చుతప్పులు దిద్దడం వరకే అయితే పాత ఐఎస్‌బీఎన్ సరిపోతుంది. మొదటి ముద్రణ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, పాఠకులు ఫోనులో చెప్పిన ప్రతి తప్పునూ అందులోనే ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకుంటూ పోతే, ఆ రోజు డీటీపీ ఆయనకు ఆ కాపీ ఇస్తే చాలు.